అలల హెల్మెట్‌కు పసుపు, కుంకుమ

నాకు ఈత రాదు. అంటే, ఈ కథ మొదలయ్యే నాటికి రాదు. మా ఊరి చెరువులో మోకాలి లోతు దాటి ఎన్నడూ దిగలేదు. అట్లాంటి నన్ను, సముద్రంలో పలక మీద నిలబడి అలలతోపాటు జారే ఆటకు ఏ హెల్మెట్ మంచిదని అడగండి. ఏది తేలిక, దేనికి చెవుల మీది మెత్తలు ఊడతాయి, దేని పట్టీ గదవ కింద ఒరుసుకోదు, అన్నీ గుక్క తిప్పుకోకుండా చెప్తాను. నేను పనిచేసే మానుకోట ఆఫీసులో ఈ విద్యకు గిరాకీ లేదు. మా పాలకుర్తి వైపు అసలే లేదు. మాకు తెలిసిన అలలు వానాకాలంలో చెరువు నిండి మత్తడి దుంకేటప్పుడు వచ్చేవే.

ఈ చదువంతా మా బాపు నెత్తి కోసం చదివాను.

బాపు కల్లు గీస్తాడు. పొద్దున ఒకసారి, మాపటికి ఒకసారి తాళ్లెక్కుతాడు. నడుముకూ చెట్టుకూ కలిపి వేసుకునే లావుపాటి మోకు, గీత కత్తి, కల్లు పట్టే సున్నం పూసిన లొట్టి, తలకు రుమాలు, ఇంతే ఆయన ఆస్తి, ఆయుధం. పోయిన ఎండాకాలం చెట్టు మీద గెల గీస్తుంటే పైనుంచి ఎండిన తాటిమట్ట ఊడి నెత్తిన పడింది. మనిషి తనంతట తానే దిగాడు. కింద కూర్చున్న వాడుకదార్లకు తాటాకు రేకల్లో కల్లు పోశాడు. అందరికీ పోయడం అయ్యాకే నెత్తి మీది రుమాలు తీసి చూసుకున్నాడు. అది నెత్తురుతో తడిసిపోయి ఉంది.

జనగామ దవాఖానలో కుట్లు వేశారు. డాక్టరు నన్ను బయటికి పిలిచి, అదే చోట ఇంకో దెబ్బ తగిలితే తనను అడగొద్దని చెప్పాడు. నేను స్కూటర్లు పెట్టే చోట నిలబడి ఏడ్చాను. ముఖం కడుక్కుని లోపలికి పోతే, బాపు కట్టు కట్టే నర్సుకు ఏ కాలంలో ఏ చెట్టు కల్లు తాగితే ఒంటికి మంచిదో బోధ చేస్తున్నాడు. ఆమె శ్రద్ధగా వింటున్నది కూడా.

చెట్లు ఎక్కడం మానెయ్యమంటే, చెట్టు దిగినోడు మంచమెక్కుతడు అంటాడు. తలకేదన్నా పెట్టుకొమ్మంటే మరీ మొండి. సర్కారు వాళ్లు రక్షణ తాడు ఇస్తే ఒప్పుకున్నాడు. అది వేసుకుని ఊరంతా చూసేటట్టు రెండు చెట్లు అదనంగా ఎక్కాడు కూడా. తల మీదికి మాత్రం ఏదీ రానియ్యలేదు.

"నెత్తికి డబ్బ బోర్లిచ్చుకోని ఎక్కితే తాటిచెట్టు నవ్వుతది," అన్నాడు. ఆ మాట మీద ఇక అప్పీలు లేదు.

రోజూ పొద్దున ఆయన మోకు భుజాన వేసుకుని గడప దాటేటప్పుడు అమ్మ ఒకే మాట అంటుంది, "పైలం" అని. జాగ్రత్త అని దాని అర్థం. ఆయన జవాబు చెప్పడు. చెట్టు కాడికి పోయేవాడు వెనక్కి తిరిగి మాట్లాడొద్దని ఆయన నియమం. కుట్లు పడ్డ తర్వాత అమ్మ ఆ మాట అని ఊరుకోలేకపోయింది. పని వదిలేసి చెట్టు కిందికి పోయి, ఆయన దిగేదాకా మెడ పైకెత్తి నిలబడటం మొదలుపెట్టింది. అది చూశాక నాకు మానుకోటలో అన్నం సహించలేదు.

ఒక మధ్యాహ్నం ఆఫీసులో డబ్బాలు విప్పుకుని తింటుంటే, పక్క సీటు ఆమె తన ఫోన్‌లో ఒక వీడియో చూపించింది. ఒక అమ్మాయి పలక మీద నిలబడి అల మీద వస్తోంది. జారి పడింది. పలక గిర్రున తిరిగి ఆమె తలకే కొట్టింది. నేను అయ్యో అనేలోపల ఆ పిల్ల నవ్వుకుంటూ నీళ్లలోంచి లేచింది. తల మీద సగం కొబ్బరి చిప్పలాంటిదేదో ఉంది. దానికి గాలి కోసం తూట్లు, ఎండకు చిన్న చూరు. అందరూ అలను చూశారు. నేను చిప్పను చూశాను. ఆ చిప్ప కింద నాకు మా బాపు మీసాలు కనిపించాయి.

అప్పటి నుంచి అదే చదువు. బండి హెల్మెట్ బరువు. ఒక్క పెద్ద దెబ్బకు అడ్డం పడి, దాంతో దాని ఆయుష్షు తీరుతుంది. ఈ అలల హెల్మెట్ అట్లా కాదు. చిన్న దెబ్బలు మళ్లీ మళ్లీ తగిలినా ఓర్చుకుంటుంది. లోపలి మెత్త నీళ్లు పీల్చదు కాబట్టి చెమటకూ భయం లేదు. మెడ దగ్గర కోసి ఉంటుంది కాబట్టి తల పైకెత్తి చూడొచ్చు. చెట్టు మీద నుంచి మనిషే పడితే ఏ హెల్మెటూ కాపాడలేదు, దానికి తాడు ఉంది. మట్టకూ తాటికాయకూ మాత్రం ఇది చాలు. ఇక మిగిలింది ఒక్కటే: దాన్ని ఆ నెత్తికి ఎక్కించడం.

ఇక్కడ మా బాపు బలహీనత ఒకటి చెప్పాలి. పక్కవాళ్లు ఏదన్నా ఎంచుకుంటుంటే ఆయన చూస్తూ ఊరుకోలేడు. అమ్మ తెచ్చిన వంకాయలను తిరగేసి మళ్లీ ఏరుతాడు. ఊళ్లో ఎవరు బర్రెను కొన్నా పిలవకుండానే పోయి పళ్లు చూస్తాడు. నా పెళ్లిచూపుల్లో మా ఆయనను పెరటిదాకా అటూ ఇటూ నడిపించి, నడక చూసి ఖాయం చేశాడు. తన కోసమైతే ఆయన హెల్మెట్ ముట్టుకోడు. నా కోసమైతే ఏరకుండా ఉండలేడు. ఇది అమ్మకు చెప్తే, పప్పు గుత్తి పక్కన పెట్టి నా చెంపలు పుణికింది.

ఆ ఆదివారం బాపు అన్నం తింటుండగా కబురు వేశాను. విశాఖపట్నం పోయి అలల మీద నిలబడే ఆట నేర్చుకుంటున్నానని, దానికి తలకు ఒకటి కొనాలని చెప్పాను. బాపు ముద్ద నోట్లో పెట్టుకోకుండా నన్నే చూశాడు. ఈ వయసులో ఏం రోగమే అంటాడనుకున్నాను.

"నీళ్లల్ల నీ నెత్తికేం తాకుతది బిడ్డా?" అన్నాడు.

కింద పడితే మనం నిలబడ్డ పలకే వచ్చి కొడుతుందని చెప్పాను. ఆయన చాలాసేపు నమిలి, ఎసొంటిదంటే అసొంటిది తీసుకోవద్దని, అన్నీ తెచ్చి తనకు చూపించమని అన్నాడు. అమ్మ గభాలున మజ్జిగ కోసం లోపలికి పోయింది. మజ్జిగ గిన్నె మా ముందే ఉంది.

మొదటి పరీక్ష జనగామ నుంచి తెచ్చిన బండి హెల్మెట్‌కు. అది పనికిరాదని నాకు తెలుసు. పనికిరానిది ముందు చూపిస్తే పనికొచ్చేది ముద్దొస్తుందని ఎత్తు. బాపు దాన్ని తలకు పెట్టుకుని, అమ్మ పిలిస్తే వినబడలేదని, తల పైకెత్తితే మెడ పట్టిందని చెప్పి, బర్రెలు తాగే నీళ్ల తొట్టిలో ముంచాడు. తీసేసరికి అది నీళ్లు తాగి ఇంకింత బరువైంది. కుండలో తల దూర్చిన కుక్క బతుకైతదని తీర్పు చెప్పాడు.

తర్వాత భూపాలపల్లి నుంచి మా మేనమామ దిగాడు. ఆయన బొగ్గు బావిలో పనిచేస్తాడు. మేనకోడలి నెత్తికి గట్టిది కావాలంటే భూపాలపల్లిని మించింది ఎక్కడుందని తన పాత హెల్మెట్ పట్టుకుని వచ్చాడు. మా ఎత్తు ఆయనకు తెలియదు. చెప్తే ఆయన కడుపులో మాట దాగదు. బాపు దాన్ని పెట్టుకుని తల పైకెత్తగానే అది వెనక్కి జారి వీపు మీద పడింది. బొగ్గు బావిలో పైకి చూసే పని ఉండదు కాబోలు అన్నాడు బాపు. పైన రాయి ఊడితే చూసేంత టైం ఉండదన్నాడు మామ. ఇద్దరికీ మాట పెరిగి, ఎవరి పని ప్రమాదమో తేల్చుకునేదాకా పోయింది. మామ కోపంతో కల్లు వద్దన్నాడు. ఆ కోపం మాపటి కల్లు దిగేదాకా ఉంది.

ఆ తర్వాత నేను తెప్పించిన అసలువి రెండు వచ్చాయి. ఒకటి పసుపు రంగుది, కొంచెం మందం. ఇంకొకటి తెల్లది, బాగా తేలిక. రెంటినీ బాపు ముందు పెట్టాను. ఆయన తెల్లదాన్ని ఒక చేత, ఖాళీ లొట్టిని ఒక చేత పట్టుకుని తూకం చూశాడు. తొట్టిలో ముంచి విదిలిస్తే నీళ్లన్నీ రాలిపోయాయి. తలకు పెట్టుకుని, వెనక ఉన్న చక్రాన్ని తిప్పి బిగించుకున్నాడు. చెవుల మీది మెత్తలు వద్దని పీకి పారేశాడు. చూసి చూసి, మాపటి చెట్టుకు దీన్ని పెట్టుకునే పోతానన్నాడు. ఇక్కడ అలలు లేవు కాబట్టి గాలిలో అయినా పరీక్ష చేసి ఇవ్వాలట.

అమ్మా నేనూ చెట్టు కింద నిలబడ్డాం. ఆయన ఎక్కాడు. మట్టల నడుమకు పోయి తల దూర్చగానే టక్కుమని ఒక చప్పుడు కిందిదాకా వినిపించింది. మట్ట మొదలు తలకు తాకింది. అమ్మ నా చెయ్యి పట్టుకుంది. కాసేపటికి కత్తి చప్పుడు మళ్లీ మొదలైంది. దిగాక ఆయన హెల్మెట్ తీసి, తాకిన చోట బొటనవేలితో రుద్ది చూశాడు. తన పాత కుట్ల మీద కూడా ఒకసారి రుద్దుకున్నాడు.

గెలిచాం అనుకున్నాను. ఆయన దాన్ని నా చేతిలో పెట్టాడు.

"మంచిగున్నది. తీస్కపో. నీ నెత్తికి భయం లేదు," అన్నాడు. రుమాలు చుట్టుకుని కల్లు వంచడానికి పోయాడు.

నీకే తెచ్చాను అంటే అబద్ధం బయటపడుతుంది, ఆయన ఇక జన్మలో ముట్టుకోడు. అనకపోతే అది నాతో మానుకోట పోతుంది. ఇంత తెలివిగా వల పన్ని, చేప వచ్చి వల బాగుందని మెచ్చుకుని పోతే ఎట్లా ఉంటుందో అట్లా ఉంది నాకు. మిగతా పని అమ్మ చేసింది.

రెండు రోజుల్లో కాటమయ్య పండుగ. గీత పని చేసేవాళ్ల దేవుడు కాటమయ్య. ఆ రోజు మోకులూ కత్తులూ కడిగి, పసుపు కుంకుమ పెట్టి ఆయన ముందు ఉంచుతారు. మా ఇంటి పట్టింపు ఇంకా గట్టిది. కాటమయ్య చూసిన సామాను చెట్టుకే కట్టుబడుతుంది. వేరేవాళ్లకు ఇవ్వకూడదు, ఊరికే మూలకు పెట్టకూడదు. పెడితే చెట్టు అలుగుతుంది. ఈ పట్టింపు మా తాతది. బాపు దీన్ని ఒక్కనాడు తప్పలేదు.

పండుగ నాడు బాపు స్నానం చేసి వచ్చేసరికి మోకు, కత్తి, లొట్టి వరసగా ఉన్నాయి. వాటి పక్కన తెల్ల హెల్మెట్. దాని నిండా పసుపు, ముందర రూపాయి బిళ్లంత కుంకుమ బొట్టు. ముంగట అగరుబత్తి.

"గిది బిడ్డది గద?" అన్నాడు బాపు.

"తెల్లగుంటె లొట్టి అనుకున్న. కండ్లు సక్కగ కనవడ్తలేవు. బొట్టు వెట్టినంక ఇగ ఏంజేస్తం," అంది అమ్మ. అంత దూరాన తాటిచెట్టు మీద గెలలు లెక్కపెట్టగల కళ్లు ఆమెవి.

బాపు కాటమయ్యను చూశాడు, అమ్మను చూశాడు, నన్ను చూశాడు. నేను కొబ్బరికాయ పీచు చాలా శ్రద్ధగా పీకుతున్నాను. తెల్లారి రుమాలు చుట్టి, దాని మీద హెల్మెట్ పెట్టి, మోకు భుజాన వేసుకున్నాడు. అమ్మ పైలం అంది. ఆయన ఎప్పటిలాగే పలకలేదు. ఆ పలకకపోవడం కూడా ఆ పొద్దు నాకు ముద్దొచ్చింది. మానుకోటకు పోయి ఆఫీసులో అందరికీ జిలేబీ పంచాను. దేనికని అడిగితే మా బాపు నెత్తి మీద హెల్మెట్ వచ్చిందని చెప్పాను. వాళ్లు జిలేబీ తిన్నారు, ఇంకేమీ అడగలేదు.

తర్వాతి ఆదివారం ఊరికి పోతే, గూట్లో వాపసు పంపాల్సిన పసుపురంగు హెల్మెట్ లేదు. అది కాటమయ్య పటం ముందు ఉంది. రంగు పసుపు మీద అసలు పసుపు, దాని మీద బొట్టు. పెట్టింది మగచెయ్యి అని ఆ బొట్టు చూస్తేనే తెలుస్తుంది. పక్కన బాపు చుట్ట కాల్చుకుంటూ కూర్చున్నాడు.

"కాటమయ్య సూసిన సామాను ఖాళీగ ఉండొద్దు. ఎన్నడు వోతున్నవ్ సముద్రానికి?" అన్నాడు.

నేను నీళ్లు నమిలాను. ఈత రాదని ఎట్లాగో గొణిగాను.

"నాకెరుక లేదా? చెర్వుల కాళ్లు కడుగబోయి ఏడ్చినదానివి. ముద్ద నోట్ల వెట్టకముందె ఎరుకైంది," అన్నాడు. తర్వాత చుట్ట దులిపి, ఇది బేరం అన్నట్టు నెమ్మదిగా చెప్పాడు. "నువ్వు నీళ్లల్లకు దిగితె నేను వెట్టుకుంట. దిగకపోతె నాది సుత గూట్లెకు వోతది."

అంటే మొదటి రోజు నుంచీ తెలుసు. తెలిసే తొట్టిలో ముంచాడు, తెలిసే మామతో కొట్లాడాడు, తెలిసే నా చేతిలో పెట్టి నా ముఖం చూశాడు. నాకు ఒళ్లు మండింది. అంతకంటే ఎక్కువ భయం వేసింది, ఎందుకంటే ఆయన అన్న మాట చేసే మనిషి. డాక్టరు మాట నా చెవిలో అట్లాగే ఉంది.

అందుకని, పెళ్లయి పాపను బడికి పంపే ఆడదాన్ని, వీపుకు జీలుగు బెండు కట్టుకుని మా పొలం బావిలో దిగాను. మా వైపు పిల్లలకు ఈత నేర్పేది ఆ తేలికపాటి బెండుతోనే. నా తలకు పసుపు హెల్మెట్. మెట్ల మీద బాపు, ఆయన తలకు తెల్ల హెల్మెట్. కాళ్లు కొట్టు, చేతులు కొట్టు అని పై నుంచి అరుపులు. పత్తి ఏరడానికి పోయే ఆడవాళ్లు ఆగి చూసి, తండ్రీబిడ్డలకు ఏమైందని అమ్మను అడిగారట. గాలి సోకింది, దిగుతది అని చెప్పిందట అమ్మ. నేను మింగిన నీళ్లతో ఒక మడి తడిసేది. కానీ పత్తి ఏరడం అయిపోయేలోపల బెండు విప్పేశాను.

పాపకు పరీక్షలని మా ఆయన ఇంట్లోనే ఉండిపోయాడు. అమ్మ, బాపు, నేను మానుకోటలో రైలెక్కాం. విశాఖలో ఆట నేర్పే అబ్బాయి నా హెల్మెట్ మీద బొట్టు చూసి, ఇది కంపెనీ డిజైనా అండీ అని అడిగాడు. మా దేవుడి డిజైను అని చెప్పాను. నా మాట యాసకు అతను నవ్వు ఆపుకున్నాడు. అతని అండీలకు నేను ఆపుకున్నాను. లెక్క సరిపోయింది.

బాపు ఇసుకలో నిలబడ్డాడు, తలకు హెల్మెట్ పెట్టుకుని. నేను పెట్టుకున్నంతసేపు తానూ పెట్టుకోవాలి, బేరం బేరమే. ధోతి, మీసాలు, తెల్ల హెల్మెట్ చూసి పోయేవాళ్లు ఆయనతో ఫోటోలు దిగారు. ఆయన అందరికీ నిటారుగా నిలబడి ఇచ్చాడు.

సముద్రం ముందు బావి నేర్పిన విద్యంతా మరిచిపోయాను. పలక మీద బోర్లా పడుకున్నాను. ఆ అబ్బాయి లెమ్మన్నాడు. లేవడానికి మోకాళ్ల మీదికి వచ్చాను, అంతే. కింద నీళ్లు, పైన నీళ్లు. నోట్లో ఉప్పు. ఎటు పైనో తెలియలేదు. అప్పుడు తల మీద టక్కుమంది. మా తాటిచెట్టు మీద విన్న చప్పుడే అది. ఈసారి లోపలి నుంచి విన్నాను. నొప్పి లేదు. కాళ్లకు ఇసుక తగిలితే లేచి నిలబడ్డాను, దగ్గుతూ, ముక్కులోంచి సముద్రం కారుస్తూ.

ఒడ్డు వైపు చూస్తే బాపు ధోతి తడుపుకుంటూ నడుము లోతు నీళ్లలోకి వచ్చేసి ఉన్నాడు. ఆయనకూ ఈత పొలం బావి వరకే. ముఖంలో రక్తం లేదు. నేను ఆయన ముఖం అట్లా ఎన్నడూ చూడలేదు, నెత్తురు కారుతున్న రోజు కూడా. చేతులు ఊపుతూ, చాలు, బయటికి రా అని పిలుస్తున్నాడు. నేను ఒడ్డుకు వచ్చాను. ఆయన నా హెల్మెట్ మీద దెబ్బ తగిలిన చోట బొటనవేలితో రుద్దాడు.

అమ్మ ఇసుకలోంచి కదలలేదు. కొంగు బొడ్లో దోపుకుని ఆయన వైపు చూసింది.

"ఎట్లుంటది నిలవడి సూస్తె?" అని అడిగింది.

బాపు నీళ్లను చూశాడు. తర్వాత రెండు చేతులూ ఎత్తి, గదవ కింద వదులుగా వేలాడుతున్న తన హెల్మెట్ పట్టీని పట్టుకుని గట్టిగా బిగించుకున్నాడు. అమ్మ అది చూసి ముఖం పక్కకు తిప్పుకుని కళ్లు తుడుచుకుంది. సముద్రపు గాలికి ఇసుక పడిందట.

నేను పలక ఎత్తుకున్నాను. నాకు ఇంకోసారి దిగాలని ఏమీ లేదు. కానీ ఆయన్ని అంత తేలికగా వదలబుద్ధి కాలేదు. నీళ్ల వైపు నడుస్తుంటే వెనక నుంచి బాపు గొంతు వినిపించింది.

"పైలం," అన్నాడు.

నేను వెనక్కి తిరగలేదు, జవాబూ చెప్పలేదు.